రోజెట్ నుంచి మోడెం దాకా

టెలిఫోన్ తీగ మీద నడిచే బ్రాడ్‌బ్యాండ్ వేగం రెండు చోట్ల తగ్గుతుంది. మొదటిది ఎక్స్ఛేంజి నుంచి ఇంటి గోడ దాకా ఉన్న దూరం. దాన్ని ఇంటివాళ్లు మార్చలేరు. రెండోది గోడ మీది రోజెట్ పెట్టె నుంచి మోడెం దాకా ఉన్న కొద్ది మీటర్ల వైరు, దాని మీద పడ్డ అతుకులు, దాని నుంచి పక్క గదులకు చీలిన కొమ్మలు. ఇది పూర్తిగా ఇంటివాళ్ల చేతిలో ఉన్న భాగం. కిలోమీటర్ల కొద్దీ నేల కిందా స్తంభాల మీదా నిలదొక్కుకుని వచ్చిన సంకేతం చాలా ఇళ్లలో ఈ చివరి మీటర్లలోనే చెడిపోతుంది. దాన్ని సరిచేయడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. తీగలో ఏం ప్రయాణిస్తోందో, దానికి ఏది అడ్డు పడుతుందో తెలిస్తే స్క్రూడ్రైవరు, ఒక స్ప్లిట్టరు, కాస్త ఓపిక సరిపోతాయి.

భారతదేశంలో ఈ సేవ విస్తృతంగా మొదలైంది 2005 జనవరిలో, బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో. అంతకు కొద్ది నెలల ముందు, 2004లో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లు దాటితే చాలు బ్రాడ్‌బ్యాండ్ అంది. ఆ కనీస హద్దు 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది. హద్దు 256 దగ్గర ఉన్న రోజుల్లో ఇంటి వైరింగు ఎలా ఉన్నా నడిచిపోయేది. అదే తీగ మీద 8, 16 మెగాబిట్లు ఆశించినప్పుడు వైరింగులోని ప్రతి లోపమూ బయటపడింది.

బరంపురం శివార్లలో, జాతీయ రహదారి 16 పక్కన ఉన్న హల్దియాపదర్ లాంటి చోట్ల ఈ విషయానికి మరో రెండు కోణాలు తోడవుతాయి. గోపాల్‌పూర్ తీరం అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరమే కాబట్టి గాలిలో తేమా ఉప్పూ ఎక్కువ. ఇక గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల్లో వీధివైపు సన్నగా, వెనక్కి పొడుగ్గా సాగే వరస ఇళ్లు మామూలు. వీధి గదిలో ఫోను, వెనక గదిలో ఇంకో ఫోను, మేడ మీద కంప్యూటరు అంటే ఇంటి లోపలి వైరే 20, 30 మీటర్లవుతుంది. ఈ రెండూ వేగాన్ని ఎలా తింటాయో తెలియాలంటే ముందు తీగ సంగతి చూడాలి.

రాగి జత

ఎక్స్ఛేంజిలో ప్రతి చందాదారుకూ ఒక రాగి జత ఉంటుంది. ఎండీఎఫ్ అనే పెద్ద చట్రం దగ్గర బయలుదేరి, తేమ చొరబడకుండా జెల్లీ నింపిన భూగర్భ కేబుల్‌లో వీధి పిల్లర్‌కూ, అక్కణ్నుంచి స్తంభం మీదో గోడ మీదో ఉండే డీపీ బాక్స్‌కూ వస్తుంది. డీపీ నుంచి ఇంటికి వచ్చేది డ్రాప్ వైరు. అది ఇంట్లో ముగిసే చిన్న చదరపు పెట్టెను లైన్‌మన్లు రోజెట్ అంటారు.

కేబుల్‌లోని రాగి 0.4 లేదా 0.5 మిల్లీమీటర్ల మందం. 0.5 మిల్లీమీటర్ల తీగ కిలోమీటరుకు రానూ పోనూ కలిపి సుమారు 175 ఓముల నిరోధం చూపిస్తుంది. 0.4 మిల్లీమీటర్లదైతే సుమారు 275 ఓములు. ఎక్స్ఛేంజి ఈ జత మీద ఎప్పుడూ 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉంచుతుంది. అందులో ధన ధ్రువాన్ని భూమికి కలిపి, తీగను రుణ విభవంలో పెడతారు. నేలలో తడి తగిలినా రాగి కరిగిపోకుండా ఇది చాలావరకు కాపాడుతుంది.

జతలోని రెండు తీగలనూ ఒకదానితో ఒకటి మెలివేస్తారు. టెలిఫోన్ సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. బయటి నుంచి వచ్చే విద్యుదయస్కాంత అలజడి మెలివేసిన రెండు తీగలకూ సమానంగా తగులుతుంది. అవతలి చివర ఉన్న పరికరం రెండు తీగల మధ్య తేడాను మాత్రమే చూస్తుంది కాబట్టి, సమానంగా పడ్డ అలజడి దానంతటదే రద్దయిపోతుంది. మెలిక లేని చోట ఈ రక్షణ ఉండదు. బజారులో దొరికే చదునైన టెలిఫోన్ త్రాడులో తీగలు పక్కపక్కనే సాగుతాయి తప్ప మెలికలు ఉండవు. మాటలకు అది చాలు, బ్రాడ్‌బ్యాండ్‌కు చాలదు.

గొంతుకు పైన ఉన్న చోటు

మనిషి గొంతు కోసం టెలిఫోన్ వ్యవస్థ వాడుకునేది 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. రాగి తీగ అంతకు వందల రెట్లు ఎక్కువ పౌనఃపున్యాలను కూడా మోయగలదు. దూరం పెరిగేకొద్దీ అవి బలహీనపడతాయి, అంతే. ఈ ఖాళీ చోటును వాడుకునే ఆలోచన అమెరికాలోని బెల్‌కోర్ సంస్థలో 1980ల చివర్లో రూపు దిద్దుకుంది. ఇళ్లవాళ్లు పంపేదానికంటే దింపుకునేది ఎక్కువ కాబట్టి, రెండు దిశలకూ సమాన వాటా ఇవ్వక్కర్లేదని అక్కడి ఇంజనీరు జోసెఫ్ లెక్లైడర్ గుర్తించాడు. ఉన్న చోటును వందలాది సన్నని పాయలుగా చీల్చి వాడే విధానాన్ని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ సియాఫీ తీర్చిదిద్దాడు. ఈ రెండు ఆలోచనలూ కలిసినదే ఏడీఎస్ఎల్.

దాని మెరుగైన రూపమైన ఏడీఎస్ఎల్2+ 2208 కిలోహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది. ఈ వెడల్పును 4.3125 కిలోహెర్ట్జ్ చొప్పున 512 పాయలుగా విడదీస్తారు. వీటిని టోన్లు అంటారు. 138 కిలోహెర్ట్జ్‌కు కింద ఉన్నవి ఇంటి నుంచి పైకి పంపడానికి, ఆ పైన ఉన్న సుమారు 480 టోన్లు కిందికి దింపుకోవడానికి. ప్రతి టోన్ సెకనుకు 4000 సార్లు మారుతుంది. మారిన ప్రతిసారీ దాని మీద 15 బిట్ల దాకా ఎక్కించవచ్చు.

ఎన్ని బిట్లు ఎక్కించాలన్నది ఆ టోన్ దగ్గర సంకేతం రొద కంటే ఎంత పైకి లేచి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. మోడెం వెలిగించగానే డీఎస్ఎల్ లైటు కాసేపు మిణుకుమంటుంది కదా, ఆ కాసేపట్లో మోడెమూ, ఎక్స్ఛేంజిలో దానికి జోడీగా ఉండే డీశ్లాం అనే పరికరమూ టోన్ టోన్‌నీ కొలుచుకుని ఈ పంపకం తేల్చుకుంటాయి. సంకేతానికీ రొదకూ మధ్య అంతరం 3 డెసిబెల్స్ పెరిగితే ఒక టోన్ మీద ఒక బిట్ అదనంగా కూర్చుంటుంది. 480 టోన్లలోనూ ఇదే మేలు జరిగితే 480ని 4000తో గుణించాలి. సెకనుకు 19 లక్షల 20 వేల బిట్లు, అంటే దాదాపు 2 మెగాబిట్లు. ఇంటి వైరింగులో 3 డెసిబెల్స్ నష్టాన్ని తొలగిస్తే దక్కే విలువ ఇదీ. అన్ని టోన్లూ వాడుకలో ఉన్న దగ్గరి లైన్లలో ఇది పూర్తిగా దక్కుతుంది. దూరపు లైన్లలో పై టోన్లు ఎలాగూ చేరవు కాబట్టి లాభం కొంత తగ్గుతుంది.

ఫోన్లో మాట స్పష్టంగా వినిపిస్తే లైను బాగున్నట్టే అని చాలామంది నమ్ముతారు. మాట వినిపించేది తీగ మోసే చోటులో అడుగున ఉన్న చిన్న ముక్క మీద. బ్రాడ్‌బ్యాండ్ నడిచేది ఆ పైన ఉన్న వెడల్పంతటి మీదా. కింది పౌనఃపున్యాల్లో ఏ లోపమూ లేని తీగకు పై పౌనఃపున్యాల్లో చిల్లులు పడి ఉండవచ్చు.

పారలల్ లైను చేసే చేటు

ఆ చిల్లులకు మొదటి కారణం పారలల్ లైను. రోజెట్ స్క్రూల కిందే ఇంకో వైరు బిగించి వెనక గదికో మేడ మీదికో ఫోను లాక్కోవడం ఒకప్పుడు ఇంటింటా జరిగింది. ఫోను తర్వాత తీసేసినా వైరు గోడకు అలాగే ఉండిపోతుంది. చివర ఏమీ లేని తీగ ఏ హానీ చేయదనే అందరూ అనుకుంటారు. బ్రాడ్‌బ్యాండ్‌కు అది హానే.

ఒక చివర గోడకు కట్టిన తాడును ఇటునుంచి ఊపితే అల గోడ దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. తీగలో సంకేతమూ అంతే. రోజెట్ దగ్గరికి వచ్చిన సంకేతంలో కొంత మోడెం వైపు వెళుతుంది, కొంత కొమ్మ వైరులోకి దూరి, తెరిచి ఉన్న చివర తాకి వెనక్కి వచ్చి అసలు సంకేతంతో కలుస్తుంది. కొమ్మ పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు అయితే, రానూ పోనూ కలిపి సగం తరంగదైర్ఘ్యం ఆలస్యం అవుతుంది. అప్పుడు వెనక్కి వచ్చిన అల అసలు అలకు సరిగ్గా ఎదురు నిలిచి దాన్ని రద్దు చేస్తుంది. ఆ పౌనఃపున్యం దగ్గర, దానికి అటూ ఇటూ ఉన్న టోన్ల దగ్గర గొయ్యి పడుతుంది.

ఆ గొయ్యి ఎక్కడ పడుతుందో లెక్క వేయడం సులభం. తీగలో సంకేతం వేగం కాంతి వేగంలో సుమారు మూడింట రెండు వంతులు, అంటే సెకనుకు 20 కోట్ల మీటర్లు. దాన్ని కొమ్మ పొడవుకు నాలుగు రెట్లతో భాగిస్తే గొయ్యి పడే పౌనఃపున్యం వస్తుంది. కొమ్మ 50 మీటర్లయితే 1000 కిలోహెర్ట్జ్. 30 మీటర్లయితే దాదాపు 1670 కిలోహెర్ట్జ్. ఈ రెండూ ఏడీఎస్ఎల్2+ వాడుకునే చోటులోనే ఉన్నాయి. 15 మీటర్లయితే 3300 కిలోహెర్ట్జ్, అది ఏడీఎస్ఎల్2+ హద్దుకు అవతల. అయినా గొయ్యి అంచులు వెడల్పుగా ఉంటాయి కాబట్టి పై టోన్లకు కొంత దెబ్బ తగులుతూనే ఉంటుంది. మరింత పై పౌనఃపున్యాలు వాడే వీడీఎస్ఎల్‌కు ఆ 15 మీటర్ల కొమ్మ నేరుగా శత్రువే. వీధి గది నుంచి పెరటి గది దాకా సాగిన వైరు వరస ఇంట్లో సరిగ్గా ఈ కొలతల్లోనే ఉంటుంది. ఇలాంటి కొమ్మలు రెండు మూడు ఉంటే గోతులూ అన్ని.

నష్టం అంతటితో ఆగదు. ఇంట్లో అటూ ఇటూ పరిచిన వైరు ఏరియల్‌లా పనిచేస్తుంది. మీడియం వేవ్ రేడియో ప్రసారాలు 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి, అంటే ఏడీఎస్ఎల్2+ చోటు నడిమధ్యన. విశాఖ ఆకాశవాణికి కేటాయించిన 927 కిలోహెర్ట్జ్ 215వ టోన్ మీద పడుతుంది. కటక్ కేంద్రానికి చెందిన 972 కిలోహెర్ట్జ్ 225వ టోన్ దగ్గర. రేడియో కంటే దగ్గరి శత్రువులు ఇంట్లోనే ఉన్నాయి. నాసిరకం ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు, మొబైల్ చార్జర్లు, ఇన్వర్టర్లు ఇదే పౌనఃపున్యాల్లో రొద పుట్టిస్తాయి. కరెంటు వైరు పక్కనే, ఒకే గొట్టంలో టెలిఫోన్ వైరు లాగితే ఆ రొద నేరుగా ఎక్కుతుంది.

బ్రిటన్ గంట తీగ, ఇక్కడి రెండు తీగలు

ఇంటి సాకెట్లో ఒక తీగ ఊడదీస్తే బ్రాడ్‌బ్యాండ్ వేగం పెరుగుతుందన్న సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. అది బ్రిటన్‌కు సంబంధించింది. అక్కడ 1981లో ప్రవేశపెట్టిన కొత్త సాకెట్ల పద్ధతిలో ప్రధాన సాకెట్లో 1.8 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటుంది. అది గంట మోగించే సంకేతాన్ని వేరుచేసి, మూడో నంబరు కొనకు కలిపిన మూడో తీగ ద్వారా మిగిలిన గదుల ఫోన్లకు పంపుతుంది. ఆ మూడో తీగకు జత లేదు. మెలికల వల్ల వచ్చే రక్షణ దానికి దక్కదు. పైగా అది ఒక తీగకే వేలాడుతుంది కాబట్టి జతలోని సమతౌల్యాన్ని చెడగొట్టి, రొదను లోపలికి తెస్తుంది. గంట శబ్దాన్ని తమంతట తామే మోగించుకునే కొత్త ఫోన్లకు ఆ తీగ అవసరమే లేదు. దాన్ని ఊడదీసిన ఇళ్లలో వేగం నిజంగానే పెరిగింది. తర్వాత ఆ పనినే చేసే ఒక చిన్న పలకను బ్రిటిష్ టెలికాం ఐప్లేట్ పేరుతో అమ్మింది.

భారతదేశపు రోజెట్లలో గంటకు వేరే తీగ ఉండదు. రెండు తీగలే మాటనూ గంటనూ మోస్తాయి. ఇక్కడి పెట్టెలో ఊడదీయాల్సింది మూడో తీగను కాదు, అదనపు జతలను. సలహా వివరం మారింది కానీ దాని వెనక సూత్రం ఒకటే. మోడెమ్‌కు దారి నేరుగా, కొమ్మలు లేకుండా ఉండాలి.

స్ప్లిట్టర్ ఎక్కడ ఉండాలి

ఫోనును బ్రాడ్‌బ్యాండ్ నుంచి వేరుచేసేది స్ప్లిట్టర్. దాని లోపల కాయిళ్లు, కెపాసిటర్లు ఉంటాయి. ఫోను వైపు 4 కిలోహెర్ట్జ్ లోపలి వాటినే పోనిస్తుంది. పై పౌనఃపున్యాలు మోడెం వైపే వెళతాయి. మోడెంతో పాటు ఇచ్చే చిన్న డబ్బీకి మూడు రంధ్రాలు ఉంటాయి. లైన్ అని రాసి ఉన్నది రోజెట్‌కు, మోడెం లేదా ఏడీఎస్ఎల్ అని ఉన్నది మోడెమ్‌కు, ఫోన్ అని ఉన్నది ఫోనుకు. ఈ మూడింటినీ తారుమారు చేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ఫోన్ రంధ్రంలో మోడెం పెడితే ఇంటర్నెట్టు అసలు రాదు, లేదా చిన్నగా వచ్చి పోతుంటుంది.

ఇలా పై పౌనఃపున్యాలను ఆపే ఫిల్టరు లేకుండా ఒక్క ఫోను ఉన్నా చాలు, నెట్టు తెగడానికి. రిసీవరు ఎత్తగానే తీగ మీద 48 వోల్టులు ఒక్కసారిగా కొద్ది వోల్టులకు పడిపోతాయి. నిరోధం మారిపోతుంది, టోన్ల పంపకం చెల్లకుండా పోతుంది, లింకు తెగి మళ్లీ మొదటి నుంచి కొలుచుకోవడం మొదలవుతుంది. గంట మోగేటప్పుడు తీగ మీద సుమారు 75 వోల్టుల ప్రత్యావర్తన విద్యుత్తు ఎక్కుతుంది, దాని వల్ల కూడా అంతే. ఫోను వచ్చినప్పుడల్లా నెట్టు పోతోందంటే ముందుగా వెతకాల్సింది ఫిల్టరు లేని ఫోను కోసమే.

ఎక్కువ ఫోన్లు ఉన్న ఇంట్లో ప్రతి ఫోనుకూ ఒక ఫిల్టరు పెట్టవచ్చు. అయితే కొమ్మలు అలాగే ఉంటాయి కాబట్టి గోతులు పోవు. మేలైన పద్ధతి ఒక్కటే. డ్రాప్ వైరు ఇంట్లోకి వచ్చిన మొదటి రోజెట్ దగ్గరే స్ప్లిట్టర్ పెట్టి, దాని మోడెం కొన నుంచి మోడెమ్‌కు, ఫోన్ కొన నుంచి ఇంట్లోని మిగిలిన వైరింగంతటికీ ఇవ్వాలి. అప్పుడు ఇంట్లో ఎన్ని పారలల్ లైన్లు ఉన్నా బ్రాడ్‌బ్యాండ్‌కు కనిపించవు. స్ప్లిట్టర్ అవతల ఉన్నదంతా మాట నడిచే దారే.

మోడెం మేడ మీదే ఉండాలంటే టెలిఫోన్ త్రాడును పొడిగించకూడదు. మోడెంను మొదటి రోజెట్ పక్కనే ఉంచి, అక్కడి నుంచి మేడకు ల్యాన్ కేబుల్ లాగాలి. అది 100 మీటర్ల దాకా ఏ నష్టమూ లేకుండా దత్తాంశాన్ని మోస్తుంది. తప్పనిసరిగా టెలిఫోన్ జతనే పొడిగించాల్సి వస్తే క్యాట్5ఇ కేబుల్‌లోని ఒక మెలిజతను వాడాలి. దాని రాగి మందం అర మిల్లీమీటరు, ఇంపీడెన్స్ 100 ఓములు. లైనుకు ఏడీఎస్ఎల్ పౌనఃపున్యాల దగ్గర ఉన్న ఇంపీడెన్స్ కూడా సుమారు అంతే కాబట్టి కలిసిన చోట అల వెనక్కి తిరగదు.

తేమ, ఉప్పు, రాగి

రోజెట్ మూత తీస్తే లోపల నాలుగు స్క్రూలు, వాటిలో రెండింటికి చుట్టుకున్న తీగ కొసలు కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న రాగి ఎర్రగా మెరుస్తుంది. తీరప్రాంతపు ఇళ్లలో, ముఖ్యంగా వరండా గోడకూ కిటికీ పక్కనా ఉన్న పెట్టెల్లో, అది నల్లబడి ఉంటుంది. స్క్రూ చుట్టూ ఆకుపచ్చ పొర కడుతుంది. ఉప్పుగాలిలోని క్లోరైడు, తేమ, రాగి కలిసి చేసే లవణం అది. రెండు కొనల మధ్య తడి చేరితే 48 వోల్టుల ఒత్తిడి దాని మీద పని చేస్తుంది. ధన విభవం వైపు ఉన్న కొనలో రాగి మెల్లగా కరిగిపోతుంది. ఒక స్క్రూ శుభ్రంగా ఉండి పక్కది పచ్చబడి కనిపించడానికి ఇదే కారణం. చీమలు గూడు కడితే తడి మరింత నిలుస్తుంది.

ఇలాంటి అతుకు ఒక విచిత్రమైన లక్షణం చూపిస్తుంది. నెట్టు మందగిస్తుంది, తెగిపోతుంటుంది. ఫోను ఎత్తి కాసేపు మాట్లాడి పెట్టేస్తే బాగుపడుతుంది. గంటకో పూటకో మళ్లీ మొదటికొస్తుంది. ఫోను ఎత్తినప్పుడు తీగలో ప్రవహించే 20 నుంచి 40 మిల్లీయాంపియర్ల విద్యుత్తు, గంట మోగినప్పుడు ఎక్కే వోల్టేజి అతుకు మీద పేరుకున్న ఆక్సైడు పొరను తాత్కాలికంగా ఛేదిస్తాయి. విద్యుత్తు ఆగగానే పొర మళ్లీ కమ్ముకుంటుంది. ఈ లక్షణం కనిపిస్తే మోడెం మార్చి లాభం లేదు, అతుకును వెతకాలి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ దానికి దక్షిణాన, పలాస దగ్గర దాటింది. ఇలాంటి తుపాన్ల తర్వాత తెగిన డ్రాప్ వైర్లను వీలైనంత త్వరగా కలపడమే ముఖ్యం. ఆ తొందరలో చేత్తో మెలిపెట్టి, టేపు చుట్టిన అతుకులు చూరు కిందో సన్‌షేడ్ మీదో ఉండిపోతాయి. మాటలు నడుస్తాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి బ్రాడ్‌బ్యాండ్‌కు అవే గండంగా మారతాయి. ఆరుబయట అతుకుకు జెల్ నింపిన కనెక్టరు వాడాలి. అది దొరక్కపోతే అతుకు లేని కొత్త వైరు వేయించడమే మేలు.

సరిచేసే వరస

ముందుగా మోడెం పేజీలోని అంకెలను రాసి పెట్టుకోవాలి. చాలా మోడెమ్‌లలో బ్రౌజరులో 192.168.1.1 కొడితే ఆ పేజీ తెరుచుకుంటుంది. అందులో మూడు విషయాలు ముఖ్యం. మొదటిది లైన్ అటెన్యుయేషన్, సంకేతం దారిలో ఎంత బలహీనపడిందో చెప్పేది. 0.5 మిల్లీమీటర్ల తీగ మీద కిలోమీటరుకు సుమారు 14 డెసిబెల్స్ అనే ఉజ్జాయింపు లెక్క వాడుకలో ఉంది. 30 కంటే తక్కువైతే లైను మంచిది, 60కి చేరువైతే ఏడీఎస్ఎల్‌కు అది దాదాపు ఆఖరి హద్దు. రెండోది ఎస్ఎన్ఆర్ మార్జిన్, ప్రస్తుత వేగానికి కావలసినదానికంటే సంకేతం ఎంత అదనంగా ఉందో చెప్పేది. 6 డెసిబెల్స్ కంటే తగ్గితే లింకు తెగే ప్రమాదం ఉంది. 10 దాటితే నిశ్చింత. మూడోది సీఆర్‌సీ తప్పుల లెక్క, దారిలో చెడిపోయి చేరిన దత్తాంశాన్ని లెక్కపెట్టేది. అది నిమిషనిమిషానికీ ఎగబాకుతుంటే తీగలో రొద ఉన్నట్టు.

తర్వాత చేయాల్సింది అసలు పరీక్ష. ఇంట్లోని ఫోన్లన్నీ ఊడదీసి, మొదటి రోజెట్ నుంచి పారలల్ జతలను విప్పి పక్కన పెట్టి, డ్రాప్ వైరు జత ఒక్కదానికే, ఒక మీటరు త్రాడుతో మోడెంను తగిలించాలి. కొత్త అంకెలను పాత వాటితో పోల్చాలి. మార్జిన్ 3 డెసిబెల్స్ పెరిగినా, లింకు వేగం పెరిగినా, తప్పులు ఆగినా నేరం ఇంటి వైరింగుదే. ఏమీ మారకపోతే ఇంటి వైరింగు నిర్దోషి. లోపం బయట ఉంది, లేదా లైను పొడవే అంత.

ఇంటిదే లోపమని తేలితే వరసగా బాగు చేయాలి. రోజెట్‌లో నల్లబడ్డ కొసను కత్తిరించి, సెంటీమీటరు మేర కొత్త రాగి తేలేలా ఒలిచి, స్క్రూ తిరిగే దిశలోనే చుట్టి బిగించాలి. ఒక స్క్రూ కింద రెండు తీగలకు మించి పెట్టకూడదు. పచ్చబడ్డ రోజెట్‌ను శుభ్రం చేసి వాడేకంటే కొత్తది పెట్టడం మంచిది, దాని ఖరీదు స్వల్పం. స్ప్లిట్టర్‌ను మొదటి రోజెట్ దగ్గరే పెట్టాలి. వాడుకలో లేని కొమ్మ వైర్లను రోజెట్ దగ్గరే విప్పేయాలి, అవతలి చివర ఫోను తీసేస్తే సరిపోదు. చదునైన పొడవాటి త్రాడు బదులు ఒకటి రెండు మీటర్ల మెలిజత త్రాడు వాడాలి. కరెంటు వైరుకు కనీసం ఒక జానెడు దూరంగా దాన్ని నడపాలి. ఒక్కో మార్పు తర్వాత మోడెం అంకెలు చూసుకుంటే ఏది ఎంత మేలు చేసిందో తెలుస్తుంది.

జాగ్రత్తలూ ఉన్నాయి. 48 వోల్టులు పొడి చేతికి ప్రమాదం కాదు. కానీ పని చేస్తుండగా గంట మోగితే 75 వోల్టులు గట్టిగా జివ్వుమనిపిస్తాయి, తడి చేతులతో అస్సలు ముట్టకూడదు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు టెలిఫోన్ వైరు జోలికి పోకూడదు. ఎక్కడో పడ్డ పిడుగు స్తంభాల మీది తీగ వెంట ఇంట్లోకి రాగలదు. డీపీ బాక్స్, పిల్లర్, డ్రాప్ వైరు ఆపరేటరు ఆస్తి, వాటిని తెరవడం లైన్‌మన్ పని.

వైరింగు ఇవ్వలేనిది

ఈ మరమ్మతులన్నీ లైను మోయగల వేగాన్ని పెంచుతాయి. ప్లాన్ 2 మెగాబిట్లదైతే లైను 10 మోయగలిగినా వచ్చేది 2 మాత్రమే. మోడెం పేజీలో కనిపించే లింకు వేగమూ, ప్లాన్ వేగమూ వేరు వేరు. రెండింటిలో తక్కువదే చేతికందుతుంది. వైఫై కూడా విడిగా చూడాల్సిన విషయం. మందపాటి గోడలు దాటి మూడో గదిలో కొలిచిన వేగం తీగ సంగతి చెప్పదు. కొలత ఎప్పుడూ మోడెమ్‌కు ల్యాన్ కేబుల్‌తో తగిలించిన కంప్యూటరు మీదే చేయాలి. ఇంటి వైరింగు నిర్దోషి అని తేలాక ఫిర్యాదు ఇచ్చేటప్పుడు నెట్టు స్లోగా ఉందని మాత్రమే చెప్పకుండా, మొదటి రోజెట్ దగ్గర నేరుగా కలిపి తీసిన అటెన్యుయేషన్, మార్జిన్, తప్పుల అంకెలు ఇవ్వాలి. లైన్‌మన్‌కు అవి డీపీ, పిల్లర్ వైపు చూడటానికి ఆధారం అవుతాయి.

ఫైబర్ వచ్చిన ఇంట్లో రాగి జత సమస్యలన్నీ పోతాయి. కాంతికి రేడియో రొద అంటదు, ఉప్పుగాలికి గాజు పచ్చబడదు. అయినా ఇంటి లోపలి చివరి మీటర్ల ప్రాధాన్యం అలాగే ఉంటుంది. ఫైబర్ త్రాడును అగ్గిపెట్టె మూలలా పదునుగా వంచితే కాంతి బయటికి కారిపోతుంది. 3 సెంటీమీటర్ల కంటే చిన్న వంపు తిప్పకపోవడం క్షేమం. ఇంట్లో ఫైబర్ ముగిసే మామూలు జీపాన్ పరికరానికి చేరే కాంతి శక్తి మైనస్ 8, మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 27కి చేరువైతే కనెక్టరు మురికిని, వంపులను వెతకాలి. అక్కడి నుంచి కంప్యూటరుకు వెళ్లే ల్యాన్ కేబుల్‌లో గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి. రెండు జతలకే క్రింపు చేసినా, ఒక తీగ తెగినా లింకు సెకనుకు 100 మెగాబిట్లకు పడిపోవచ్చు.

ఫైబర్ పరికరంలో ఫోనుకు విడిగా ఒక కొన ఉంటుంది. ఇంట్లోని పాత టెలిఫోన్ వైరింగును దానికి కలిపి అన్ని గదుల ఫోన్లనూ మళ్లీ వాడుకోవచ్చు. అలా కలిపేముందు పాత డ్రాప్ వైరును మొదటి రోజెట్ నుంచి పూర్తిగా విప్పేయాలి. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే వోల్టేజి, ఫైబర్ పరికరం ఇచ్చే వోల్టేజి ఒకే జత మీద తగులుకుంటే పరికరం కాలిపోయే ప్రమాదం ఉంది.